ఖయాల్, వహం, హాఫిజా: మెదడును గురించి ముస్లిం విద్వాంసుల అన్వేషణ

ఉర్దూ మాట్లాడే ముస్లిం ఇళ్లలో ఖయాల్, వహం, ఫిక్ర్, హాఫిజా అనే మాటలు రోజూ వినబడుతూనే ఉంటాయి. మనసులో ఏదైనా మెదిలితే ఖయాల్ అంటారు. ఆధారం లేని అనుమానాన్ని వహం అంటారు. పాఠం త్వరగా కంఠతా పట్టే పిల్లవాడిని చూసి హాఫిజా బాగుందని మెచ్చుకుంటారు. ఖుర్ఆన్‌ను ఆద్యంతం కంఠస్థం చేసినవాడు హాఫిజ్. ఈ మాటలన్నీ ఒకప్పుడు వైద్యశాస్త్రంలో, తత్వశాస్త్రంలో కచ్చితమైన అర్థం గల సాంకేతిక పదాలు. ఒక్కొక్క పదానికి మెదడులో ఒక్కొక్క చోటు కూడా నిర్ణయించబడి ఉండేది.

కంటికి కనిపించినది మనసుకు ఎలా తెలుస్తుంది? తెలిసినది ఎక్కడ నిలుస్తుంది? నిలిచినది ఎందుకు చెదిరిపోతుంది? హిజ్రీ శకపు తొలి శతాబ్దాలలోనే ఈ ప్రశ్నలను రెండు వర్గాల విద్వాంసులు వేర్వేరు అవసరాలతో చేపట్టారు. ఒకరు వైద్యులు, తత్వవేత్తలు. మరొకరు హదీసు వేత్తలు. వారు చెప్పినదానిలో కొంత నేటి పరిశోధనకు నిలిచింది, కొంత తప్పని తేలింది. ఈ రెంటినీ విడదీసి చూడటం అవసరం. ముస్లింల విజ్ఞాన చరిత్ర విషయంలో రెండు అతివాదాలు ప్రచారంలో ఉన్నాయి. గ్రీకుల గ్రంథాలను భద్రపరచి యూరప్‌కు అందించడం తప్ప ముస్లింలు చేసినదేమీ లేదని ఒక వర్గం అంటుంది. నేటి శాస్త్రమంతా మనవారు ఎప్పుడో చెప్పేశారని మరో వర్గం అంటుంది. మెదడును గురించిన ఈ చరిత్ర రెంటినీ సమర్థించదు.

గ్రీకుల నుండి అందినది

ఆలోచనకు, అనుభూతికి మూలస్థానం గుండె అని అరిస్టాటిల్ భావించాడు. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన వైద్యుడు జాలీనూస్, అంటే గాలెన్, జంతువుల నరాలను కోసి, ముడివేసి పరీక్షించి, ఆ స్థానం మెదడుదేనని వాదించాడు. 4వ శతాబ్ది చివర సిరియాలోని హిమ్స్ నగరపు బిషప్ నెమీసియస్ మరో అడుగు ముందుకు వేశాడు. మెదడు లోపల ఉన్న గదుల్లాంటి ఖాళీలలో ముందు గదులు ఊహకు, మధ్య గది ఆలోచనకు, వెనుక గది జ్ఞాపకానికి అని అతడు పంచిపెట్టాడు. ఈ గదులలో నిండి ఉండే సూక్ష్మమైన 'రూహ్', అంటే ఒకవిధమైన ప్రాణవాయువు, ఈ పనులన్నీ చేస్తుందని నాటి నమ్మకం.

అబ్బాసీ ఖలీఫాల కాలంలో బగ్దాదులో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (మరణం క్రీ.శ. 873), అతని శిష్యులు జాలీనూస్ గ్రంథాలను నూటికి పైగా సిరియాక్, అరబీ భాషలలోకి తెచ్చారు. హునైన్ క్రైస్తవుడు. బఅల్‌బక్ నుండి వచ్చిన మరో క్రైస్తవ విద్వాంసుడు ఖుస్తా ఇబ్నె లూఖా, ఆత్మకూ రూహ్‌కూ గల భేదంపై రాసిన చిన్న గ్రంథంలో ఒక చిత్రమైన వివరణ ఇచ్చాడు. మధ్య గదికీ వెనుక గదికీ నడుమ పురుగు ఆకారంలో ఒక తలుపు ఉంటుందట. గుర్తు తెచ్చుకోవాలనుకున్నవాడు తల పైకెత్తి చూసేది ఆ తలుపు తెరుచుకోవడానికేనట. ఈ వివరణ నిజం కాదు. కానీ మనుషుల నడవడిని గమనించి దానికి దేహంలో కారణం వెదకాలనే తపన అందులో ఉంది.

ఇబ్నె హైసమ్: చూపు ఒక నిర్ణయం

బస్రాలో క్రీ.శ. 965 ప్రాంతంలో జన్మించిన ఇబ్నె హైసమ్ తన చివరి సంవత్సరాలను కైరోలో గడిపాడు. ఏటా యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు నకళ్లు రాసి అమ్మి, ఆ సొమ్ముతో జీవించేవాడని చరిత్రకారుడు ఇబ్నె ఖిఫ్తీ తెలిపాడు. ఆయన రచించిన 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాల ఉద్గ్రంథం. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న యూక్లిడ్, టాలెమీల సిద్ధాంతాన్ని ఆయన తిరస్కరించాడు. సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పి పుడుతుంది. ప్రకాశవంతమైన వస్తువును చూసి కళ్లు తిప్పుకున్నా దాని ఛాయ కొంతసేపు కంటిలో నిలుస్తుంది. కాబట్టి వెలుగే వస్తువు నుండి కంటికి వచ్చి పనిచేస్తున్నదని ఆయన నిరూపించాడు.

ఆయన కీర్తి ఎక్కువగా ఈ నిరూపణతోనే ముడిపడి ఉంది. కానీ రెండవ భాగంలో ఆయన వేసిన ప్రశ్న ఇంతకంటే లోతైనది. కంటికి అందేవి వెలుగూ రంగూ మాత్రమే అయితే దూరం, పరిమాణం, ఆకారం, చలనం, అందం మనకు ఎలా తెలుస్తున్నాయి? కంటి ద్వారా తెలిసే లక్షణాలను ఆయన ఇరవై రెండుగా లెక్కించాడు. వాటిలో కేవలం ఇంద్రియానికి చిక్కేవి రెండే. తక్కినవన్నీ మనసు పోల్చి, బేరీజు వేసి, నిర్ణయించేవి. ఆయన భాషలో ఇది 'తమ్‌యీజ్', 'ఖియాస్'.

అయితే చూసేటప్పుడు ఇంత ఆలోచన చేస్తున్నట్లు ఎవరికీ అనిపించదు కదా అన్న సందేహానికి ఆయన సమాధానం ఒక పిల్లవాడి ఉదాహరణ. రెండు పండ్లు చూపి ఒకటి ఎంచుకోమంటే చిన్న పిల్లవాడు అందంగా ఉన్నదాన్నే తీసుకుంటాడు. రెంటినీ పోల్చాడు, మేలైనదేదో నిర్ణయించాడు, మేలైనదాన్నే కోరుకోవాలన్న సూత్రాన్ని పాటించాడు. అది తర్కమని వాడికి తెలియదు. తర్కమంటే ఏమిటో చెప్పినా వాడికి అర్థం కాదు. అయినా తర్కం జరిగింది. ఎన్నోసార్లు జరిగిన నిర్ణయం అలవాటై, గమనించలేనంత త్వరగా ముగిసిపోతుంది. అక్షరాలు వచ్చినవాడు 'అబ్‌జద్' అనే మాటను చూడగానే చదివేస్తాడు. అలిఫ్, బే, జీమ్, దాల్ అంటూ కూడబలుక్కోడు. ఒకప్పుడు కూడబలుక్కున్న మాటే నేడు ఒక్క గుర్తుతో పట్టుబడుతుంది. అంటే చూపులో సగం పని జ్ఞాపకానిది.

దూరం విషయంలోనూ ఇంతే. మైదానంలో ఉన్నవాడికి మేఘాలు ఎంతో ఎత్తున ఉన్నట్లు తోస్తాయి. కొండల మధ్య ఉన్నవాడు మేఘం శిఖరాన్ని కప్పడం చూసి, అది అంత దూరాన లేదని గ్రహిస్తాడు. మేఘమూ అదే, కన్నూ అదే. నడుమ కొలత వేయడానికి ఆధారం దొరికినప్పుడు నిర్ణయం మారింది. పున్నమి చంద్రుడు ఉదయించేటప్పుడు పెద్దగా, నడినెత్తిన చిన్నగా కనిపించడానికి కూడా ముఖ్య కారణాన్ని ఆయన మనసు వేసే ఈ కొలతలోనే వెదికాడు. నేల వెంబడి చూపు సాగినప్పుడు నడుమనున్న వస్తువుల వల్ల దూరం ఎక్కువని తోస్తుంది; ఎక్కువ దూరాన ఉండి కూడా అంతే కనిపిస్తున్నది పెద్దదై ఉండాలని మనసు తీర్పు చెబుతుంది. మూడవ భాగమంతా చూపు చేసే తప్పుల చర్చే. తప్పులను వర్గీకరించి, ఏ దశలో ఏ తప్పు దొర్లుతుందో చూపడం ద్వారా సరైన చూపు ఎలా జరుగుతుందో ఆయన తేల్చాడు.

ఇబ్నె సీనా: ఐదు అంతరింద్రియాలు

ఇబ్నె హైసమ్‌కు సమకాలికుడైన ఇబ్నె సీనా (క్రీ.శ. 980-1037) బుఖారా దగ్గర పుట్టి హమదాన్‌లో మరణించాడు. 'అష్‌షిఫా', 'అల్ ఖానూన్' గ్రంథాలలో ఆయన బయటి ఐదు ఇంద్రియాలకు తోడుగా లోపలి ఐదు ఇంద్రియాలను వివరించాడు. వీటికే 'హవాస్సె బాతినా' అని పేరు.

మొదటిది 'హిస్సె ముష్తరక్', అన్ని ఇంద్రియాల సమాచారం కలిసే చోటు. రాలుతున్న వాన చినుకు గీతలా కనిపిస్తుంది. కంటికి ఏ క్షణానికి ఆ క్షణం ఒక చుక్కే అందుతుంది. గడిచిన చుక్కనూ ఉన్న చుక్కనూ కలిపే శక్తి లోపల ఏదో ఉంటే తప్ప గీత కనిపించదని ఆయన వాదం. రెండవది 'ఖయాల్', అందిన రూపాలను దాచే కోశం. ఈ రెంటినీ వేరు చేయడానికి ఆయన నీటిని చూపాడు. నీటిపై ఏ ముద్ర వేసినా పడుతుంది, కానీ నిలవదు. స్వీకరించడం వేరు, నిలుపుకోవడం వేరు. మూడవది దాచిన రూపాలను విడదీసి, కలిపి, కొత్తవి అల్లే 'ముతఖయ్యిలా'. బుద్ధి అదుపులో పనిచేసినప్పుడు దీనికే 'ముఫక్కిరా' అని పేరు. 'ఫిక్ర్' దీని పనే. నాల్గవది 'వహం'. గొర్రె తోడేలును చూసి పారిపోతుంది. తోడేలు రంగు, ఆకారం కంటికి అందుతాయి గానీ దాని శత్రుత్వం కంటికి అందేది కాదు. దాన్ని పట్టేది వహం. ఐదవది 'హాఫిజా', వహం పట్టిన అర్థాలను దాచే కోశం.

ఈ ఐదింటినీ ఆయన మెదడు గదులలో ముందు నుండి వెనుకకు వరుసగా నిలిపాడు. మెదడు ముందు భాగానికి హాని జరిగితే ఊహ, మధ్య భాగానికి జరిగితే ఆలోచన, వెనుక భాగానికి జరిగితే జ్ఞాపకం చెడతాయని వైద్యుల అనుభవాన్ని సాక్ష్యంగా తెచ్చాడు.

విమర్శకులు చేసిన మేలు

ఈ సిద్ధాంతాన్ని ఇస్లామీ పండితులు గుడ్డిగా అంగీకరించలేదు, గుడ్డిగా తోసిపుచ్చనూ లేదు. తత్వవేత్తలను ఖండిస్తూ 'తహాఫుతుల్ ఫలాసిఫా' రాసిన ఇమామ్ గజాలీ (రహ్మలై, మరణం క్రీ.శ. 1111) అందులోని 18వ చర్చలో ఈ అంతరింద్రియాలను ఒక్కొక్కటిగా పేర్కొని, షరీఅత్ దృష్ట్యా వీటిలో తిరస్కరించవలసినది ఏదీ లేదన్నాడు. ఆత్మ స్వరూపాన్ని కేవలం బుద్ధితో నిరూపించగలమన్న వాదంతోనే ఆయన పేచీ. గుండె విషయంలోనూ ఇదే విచక్షణ చూపాడు. 'ఇహ్యా'లో ఖల్బ్ అనే పదానికి రెండు అర్థాలు చెప్పి, రొమ్ములోని మాంసపు ముద్దను గురించిన విచారణ వైద్యుల పని అనీ, ధర్మగ్రంథాలు సంబోధించే ఖల్బ్ అంతకంటే సూక్ష్మమైనదనీ విడమర్చాడు. దీనివల్ల మెదడు పరిశోధనకు ధర్మం పేరుతో అడ్డు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం క్రీ.శ. 1210) మరో కోణం నుండి ప్రశ్నించాడు. చూసేది ఒకటి, తలచేది ఒకటి, దాచేది ఒకటి అయితే "చూసినదే తలచుకుంటున్నాను" అని చెప్పగలిగేది ఎవరు? గ్రహించేది ఒకే ఆత్మ కావాలి గదా? అటు అందలూసియాలో ఇబ్నె రుష్ద్ (మరణం క్రీ.శ. 1198) వహం అనే అదనపు శక్తి అనవసరమన్నాడు. ఒక్క తరం తర్వాత మరో తరం ఇబ్నె సీనాను గౌరవిస్తూనే ఆయన వాదాలను తూచి చూసింది.

హదీసు వేత్తల తరాజు

జ్ఞాపకాన్ని వైద్యులకంటే కఠినంగా పరీక్షించిన వర్గం మరొకటి ఉంది. వారికి అది తత్వ చర్చ కాదు. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పలుకులు, పనులు మనుషుల జ్ఞాపకం మీదుగా తరాలు దాటి వస్తున్నాయి. జ్ఞాపకం తప్పితే ధర్మమే తప్పుతుంది. అందుకే ఉల్లేఖకుడు సత్యవంతుడైతే చాలదని ముహద్దిసులు నిర్ణయించారు. సత్యసంధతకు తోడు 'జబ్త్', అంటే విన్నదాన్ని విన్నట్లే నిలుపుకొని చెప్పగల పటుత్వం కూడా ఉండాలన్నారు. పుణ్యాత్ముడైనా జ్ఞాపకం బలహీనమైతే అతని ఉల్లేఖనం బలహీనమే.

ఈ పరీక్ష ఎంత దూరం వెళ్లేదో ఒక ప్రసిద్ధ సంఘటన చెబుతుంది. యహ్యా ఇబ్నె మయీన్ (మరణం క్రీ.శ. 848), ఇమామ్ అహ్మద్ ఇబ్నె హంబల్ (రహ్మలై) తదితరులు కూఫాలోని పెద్ద ముహద్దిసు అబూ నుఐమ్ వద్దకు వెళ్లారు. అవసరం లేదని ఇమామ్ అహ్మద్ వారించినా వినక, యహ్యా ఒక కాగితంపై అబూ నుఐమ్ హదీసులను రాసి, పదింటికొకటి చొప్పున ఆయనవి కానివి చొప్పించి చదివి వినిపించాడు. అబూ నుఐమ్ ఒక్కొక్క పరాయి హదీసు రాగానే అది తనది కాదని కొట్టివేయించాడు. చివరికి విషయం గ్రహించి యహ్యాను ఒక తన్ను తన్ని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ తన్ను తన ప్రయాణమంతటికంటే ప్రియమైనదని యహ్యా సంతోషించాడట.

ఇలా పరాయి మాటను చొప్పించి చెప్పించడాన్ని 'తల్‌ఖీన్' అంటారు. "ఫలానా వారు మీకు ఇలా చెప్పారు గదా?" అని అడిగితే ఔనని, అదే తన జ్ఞాపకమని నమ్మి ఉల్లేఖించేవారిని విమర్శకులు గుర్తించి పక్కన పెట్టారు. అబ్దుర్రజ్జాఖ్ సన్‌ఆనీ (మరణం హి. 211) గొప్ప ముహద్దిసు. చివరి దశలో చూపు పోయాక ఇతరులు అందించిన మాటలను స్వీకరించేవాడు గనుక, అప్పుడు విన్నవారి ఉల్లేఖనాలను ఇమామ్ అహ్మద్ బలహీనమన్నారు. వృద్ధాప్యంలో జ్ఞాపకం కలగాపులగం కావడాన్ని 'ఇఖ్తిలాత్' అన్నారు. అతా ఇబ్ను స్సాయిబ్ విషయంలో సుఫ్యాన్ సౌరీ, షుఅబా వంటివారు ముందే విన్నారు కాబట్టి వారి ఉల్లేఖనాలు అంగీకారయోగ్యమనీ, తర్వాత విన్నవారివి కావనీ విడదీశారు. ఒక మనిషి జ్ఞాపకం ఏ కాలం దాకా నమ్మదగినదో లెక్కగట్టి నమోదు చేయడం వారు ఒక శాస్త్రంగానే పెంచారు.

కూలిన గదులు, నిలిచిన ప్రశ్నలు

మెదడు గదుల సిద్ధాంతం అరబీ నుండి లాటిన్‌కు వెళ్లి యూరప్‌ను శతాబ్దాలపాటు ఏలింది. 1543లో వెసాలియస్ జంతువుల మెదళ్లలోనూ అవే గదులున్నాయని చూపి, మనిషి బుద్ధికి అవే స్థానమెలా అవుతాయని సందేహించాడు. 1664లో థామస్ విల్లిస్ ఈ శక్తులను గదులలో కాక మెదడు పదార్థంలోనే వెదకాలన్నాడు. ఆ గదులలో ఉన్నది రూహ్ కాదు, ఒక ద్రవం. ఇబ్నె హైసమ్ కూడా కంటిలోని కటకమే వెలుగును గ్రహిస్తుందనుకున్నాడు. వెలుగు బొమ్మ పడేది వెనుకనున్న నేత్రపటలంపై అని 1604లో కెప్లర్ తేల్చాడు. ఈ తప్పులను దాచవలసిన పని లేదు.

ఐతే వేసిన ప్రశ్నలు నిలిచాయి. 1867లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ చూపు మనకు తెలియకుండా జరిగే తర్కమని ప్రకటించాడు. పండ్లు ఎంచుకునే పిల్లవాడి ఉదాహరణలో ఇబ్నె హైసమ్ చెప్పినది ఆ మాటే. 1953లో అమెరికాలో మూర్ఛరోగం తగ్గించడానికి ఒక యువకునికి కణతల లోపలి మెదడు భాగాన్ని, హిప్పోక్యాంపస్‌తో సహా, రెండు వైపులా తొలగించారు. వైద్య గ్రంథాలు అతణ్ణి ఎచ్.ఎం. అనే పొడి అక్షరాలతో పేర్కొంటాయి. స్కోవిల్, మిల్నర్ 1957లో ప్రకటించిన పరిశీలన ప్రకారం అతని పాత జ్ఞాపకాలు చాలావరకు మిగిలాయి, తెలివి తగ్గలేదు. కొత్త సంగతి మాత్రం నిలిచేది కాదు. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం మూడు రోజుల్లో నేర్చుకున్నాడు, కానీ నేర్చుకున్న సంగతే అతనికి గుర్తు లేదు. జ్ఞాపకం ఒకటి కాదు, పలు విధాలని దీనితో రూఢి అయింది. స్వీకరించడం వేరు, నిలుపుకోవడం వేరన్న ఇబ్నె సీనా మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది. కానీ ఆయన చూపిన వెనుక గదిలో మాత్రం జ్ఞాపకం లేదు.

1974లో లోఫ్టస్, పామర్ కార్ల ప్రమాదం చిత్రం చూపి, చూసినవారిని ప్రశ్నించారు. "ఢీకొన్నప్పుడు" అని అడిగిన 50 మందిలో 7గురు, "నుజ్జునుజ్జయినప్పుడు" అని అడిగిన 50 మందిలో 16గురు వారం తర్వాత పగిలిన గాజు చూశామన్నారు. చిత్రంలో గాజు పగలనే లేదు. ప్రశ్నలోని మాట జ్ఞాపకంలోకి చొరబడింది. తల్‌ఖీన్ గురించి ముహద్దిసులు పడిన జాగ్రత్త ఎంత అవసరమో ఈ పరీక్ష తెలుపుతుంది.

దక్కను వంతు

ఈ వారసత్వాన్ని కాపాడటంలో హైదరాబాదుకు గొప్ప స్థానం ఉంది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇబ్నె హజర్ 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్'ను హి. 1325-27లో పన్నెండు సంపుటాలుగా ముద్రించింది. ఉల్లేఖకుల జ్ఞాపకశక్తిపై విమర్శకుల తీర్పులు అందులో వేల సంఖ్యలో ఉన్నాయి. ఫఖ్రుద్దీన్ రాజీ 'అల్ మబాహిసుల్ మష్రిఖియ్యా'నూ ఆ సంస్థే ప్రచురించింది. 1928-30లో కమాలుద్దీన్ ఫారసీ రచించిన 'తన్‌ఖీహుల్ మనాజిర్'ను వెలువరించింది. ఇది ఇబ్నె హైసమ్ గ్రంథానికి క్రీ.శ. 1300 ప్రాంతంలో వెలసిన వ్యాఖ్యానం. 'కితాబుల్ మనాజిర్' మూలం లాటిన్ అనువాదంలో 1572లోనే బాసెల్‌లో అచ్చయింది. అరబీలో మొదటి మూడు భాగాలు 1983లో గాని కువైట్‌లో వెలువడలేదు. ఆ నడుమ అరబీలో ఇబ్నె హైసమ్ ఆలోచనను తెలుసుకోగోరినవారికి హైదరాబాదు ప్రతే ముఖ్యమైన ఆధారం అయింది.

చూపును పరీక్షించిన గ్రంథం, జ్ఞాపకాన్ని పరీక్షించిన గ్రంథం ఒకే ముద్రణాలయం నుండి రావడం ఆలోచింపజేస్తుంది. ఇబ్నె హైసమ్ టాలెమీపై తన సందేహాలను ప్రత్యేక గ్రంథంగా రాశాడు. అందులో పూర్వుల మాటలనే గాక తన సొంత నిర్ణయాన్ని కూడా అనుమానించి చూడాలని సత్యాన్వేషికి హితవు చెప్పాడు. యహ్యా ఇబ్నె మయీన్ తాను గౌరవించే గురువునే పరీక్షించాడు. ఆ గురువు కోపగించుకున్నా పరీక్షలో నెగ్గాడు. పూర్వులు అన్నీ ముందే చెప్పారని చాటడం వారిని పరీక్ష లేకుండా వదిలేయడమే. అది వారు తమ గురువులపట్ల చూపిన మర్యాద కాదు. ఇబ్నె సీనా గదులు కూలిపోయినా ఆయన ప్రశ్న కూలలేదు. ఆ ప్రశ్నను నేటి ప్రయోగశాలల్లో ముందుకు తీసుకుపోయే యువకులు తయారైనప్పుడే ఇంట్లో రోజూ పలికే ఖయాల్, ఫిక్ర్, హాఫిజా అనే మాటలకు వాటి పాత బలం తిరిగి వస్తుంది.